బాలాజీ కాలనీ హాస్టల్లో మూడు రాత్రులు, ఒక టేపు

నేను మంచం కింద దూరి టేపు లాగుతుండగా మేనేజరు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "సార్, మున్సిపాలిటీ నుంచి వచ్చారా?" అని అడిగాడు. గొంతులో కాస్త బెరుకు ఉంది. "కాదు నాయనా, ఈ పిల్లవాడి మేనమామను" అన్నాను. బెరుకు పోయి నవ్వు వచ్చింది. "మేనమామకు కొలతలతో పనేమిటి స్వామీ?" అన్నాడు.

పని ఉంది. మాది పూతలపట్టు దగ్గర ఒక పల్లె. చుట్టూ మామిడి తోటలే, సముద్రం ఊసే లేదు. అలాంటి ఊరి నుంచి వెళ్ళి 1986లో మద్రాసు రేవులో ఓడ ఎక్కాను, 2021లో బోసన్‌గా దిగాను. బోసన్ అంటే డెక్కు మీద పనిచేసే ఖలాసీలకు మేస్త్రీ. పాతవాళ్ళు సరంగు అనేవాళ్ళు. మా ఊళ్ళో ఇప్పటికీ నా పేరు సరంగే. ముప్పై అయిదేళ్ళ ఉద్యోగంలో ఇరవై ఏళ్ళకు పైగా ఇనుప గదుల్లో నిద్రపోయినవాణ్ణి. ఏ గదిలో కాలు పెట్టినా చేయి టేపు కోసం జేబులోకి పోతుంది. పెళ్ళిచూపులకు వెళ్ళినప్పుడూ పోయిందని మా ఆవిడ నలుగురిలో చెబుతుంటుంది. అది అబద్ధం. ఆ రోజు టేపు తీసుకువెళ్ళలేదు.

మా చెల్లెలి కొడుకు గ్రూప్స్ కోచింగుకు తిరుపతి వచ్చాడు. "అన్నా, వాడు అక్కడ ఉండగలడో లేదో నువ్వొకసారి చూసి రా" అని చెల్లెలు అడిగింది. వాడి గదిలో ఒక పై మంచం ఖాళీగా ఉంది. రాత్రికి 250 రూపాయలు ఇస్తే ఉండవచ్చు అన్నారు. మూడు రాత్రులు ఉన్నాను. ఆరుగురి గదికి నెలకు మనిషికి 6,500 రూపాయలు, భోజనంతో కలిపి.

హాస్టల్ పేరు రాయడం లేదు. ఆ సందులో ఉన్న హాస్టళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉన్నాయి. ఒకదాని పేరు రాస్తే మిగతావి మంచివేమో అని మీరు అటు వెళతారు. కాబట్టి పేరుకు బదులు ఏం చూడాలో, ఎక్కడ చేయి పెట్టి చూడాలో రాస్తాను. నా లెక్కలో దీనికి అయిదుకు రెండు నక్షత్రాలు. అందులో ఒకటిన్నర వంట చేసే అక్కవి.

ఓడలో మనిషి ఉండే గది ఎలా ఉండాలో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ వాళ్ళు కాగితం మీద రాసి పెట్టారు. దాన్ని 2006 నాటి సముద్ర కార్మికుల ఒప్పందం అంటారు, మేము ఎంఎల్‌సీ అంటాము. 2013 ఆగస్టు 20న అమల్లోకి వచ్చింది. మన దేశం 2015 అక్టోబరులో దాన్ని ఆమోదించింది. గది ఎంత ఉండాలి, మంచం ఎంత ఉండాలి, బీరువాలో ఎన్ని లీటర్ల చోటు ఉండాలి, ఎందరికి ఒక మరుగుదొడ్డి, అన్నీ అంకెల్లో ఉంటాయి. ఓడ యజమాని దయాదాక్షిణ్యాలకు వదిలిపెట్టలేదు. నడిసముద్రంలో గది నచ్చలేదని ఎవరూ లేచిపోలేరు కదా. నెల అద్దె, మూడు నెలల అడ్వాన్సు కట్టి పరీక్ష తేదీ ముందు పెట్టుకున్న కుర్రవాడు కూడా లేచిపోలేడు. అందుకే ఈ హాస్టల్‌ను ఆ కాగితంతోనే కొలిచాను.

గది 12 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. మూడు రెండంతస్తుల మంచాలు, ఆరుగురు మనుషులు. తలుపు వెనక ఒక స్తంభం పొడుచుకు వచ్చి, దాని పక్కన చీపురు తప్ప మరేమీ పట్టని మూల ఒకటి ఉంది. ఓడ లెక్కలో మంచాలూ బీరువాలూ ఆక్రమించిన చోటు కొలతలోకి వస్తుంది కానీ ఇలాంటి పనికిరాని మూలలు రావు. పోనీలే అని ఆ మూలనూ కలిపాను. మొత్తం 132 చదరపు అడుగులు, అంటే 12 చదరపు మీటర్ల పైచిలుకు. మనిషి వాటాకు 22 చదరపు అడుగులు.

ఇప్పుడు ఓడ సంగతి. సరుకు ఓడలో నావికుడికి విడిగా గది ఇవ్వాలి. 10,000 టన్నులు, ఆపైన అయితే ఆ గది కనీసం 7 చదరపు మీటర్లు, మన లెక్కలో 75 చదరపు అడుగులు. 3,000 నుంచి 10,000 లోపు ఓడలో 5.5 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 4.5. ఇక్కడ టన్ను అంటే బరువు కాదు, ఓడ లోపలి పరిమాణం బట్టి కట్టే లెక్క. ప్రయాణికుల ఓడల్లో సిబ్బందిని ఒక గదిలో నలుగురి దాకా ఉంచవచ్చు, అప్పుడు గది 14.5 చదరపు మీటర్లు ఉండాలి. అంటే మా మేనల్లుడి గదిలో ఆరుగురు కాదు, నలుగురు కూడా పట్టరు. 11.5 మీటర్లు ముగ్గురి గది కొలత. లెక్క ప్రకారం ఇది ముగ్గురి గది.

మరి 22 చదరపు అడుగులు ఏ కాలం నాటి కొలత? దానికీ నా దగ్గర జవాబు ఉంది. ఎంఎల్‌సీకి ముందు 1949 నాటి ఒప్పందం ఒకటి ఉండేది. దాంట్లో 800 టన్నుల లోపు ఓడలో మనిషికి 20 చదరపు అడుగులు, 800 నుంచి 3,000 లోపు 25, ఆపైన 30. కాబట్టి 2006 సంగతి వదిలేయండి, 1949లోనే ఈ హాస్టల్ ఒక చిన్న తీరపు ఓడకు సరిపోయేది, మధ్యరకం ఓడకు చాలేది కాదు. ఈ మాట మేనేజరుతో అంటే, "1949లో మా బిల్డింగే లేదు సార్" అన్నాడు.

ఎత్తు విషయంలో మాత్రం తప్పు పట్టను. ఓడలో మనిషి నిలబడి తిరిగే చోట 203 సెంటీమీటర్లు ఉంటే చాలు. ఇక్కడ నేల నుంచి కప్పు దాకా తొమ్మిది అడుగులు, అంటే 274 సెంటీమీటర్లు. ఇక్కడ ఇల్లు ఓడను ఓడించింది. కాకపోతే అంత ఎత్తు ఉండబట్టే పై మంచాలు కూడా పైపైకి పోయాయి, వాటి పక్కనే సీలింగ్ ఫ్యాను తిరుగుతోంది. పడుకున్నచోటి నుంచి చేయి చాస్తే రెక్క అంచుకు మూరెడు దూరం. మొదటి రాత్రి దుప్పటి సర్దుకుంటూ చేయి ఎత్తబోయి ఆగాను. ఓడల్లో సీలింగ్ ఫ్యాన్లు నేను చూడలేదు, కాబట్టి దీని మీద ఒప్పందంలో ఏ వాక్యమూ లేదు. ఫ్యాను చుట్టూ జాలీ బిగించమని చెప్పడానికి ఒప్పందం అక్కరలేదు కూడా.

మంచం దగ్గరకు వస్తాను. ఇక్కడే ఎక్కువసేపు ఉన్నాను కాబట్టి రాయడం కూడా ఎక్కువే రాస్తాను.

లోపలి కొలత 181 సెంటీమీటర్లు పొడవు, 76 వెడల్పు. ఎంఎల్‌సీ ప్రకారం 198, 80 ఉండాలి. ఈ 198 కొత్తగా వచ్చింది కాదు, 1970 ఒప్పందంలోనే ఉంది. 1949లో కూడా ఆరడుగుల మూడంగుళాలు, అంటే 190 అడిగారు. మా మేనల్లుడు అయిదడుగుల పదకొండు అంగుళాల మనిషి. వాడు వెల్లకిలా పడుకుంటే తల ఒక పైపుకు, మడమలు ఇంకో పైపుకు తగులుతాయి. అందుకని మూలగా పడుకుంటాడు. 76 సెంటీమీటర్ల మంచంలో మూలగా పడుకోవడం ఎలాగో నాకు అర్థం కాలేదు, వాడు చూపించాడు. మోకాళ్ళు మడిచి, గోడవైపు తిరిగి, ప్రశ్నార్థకం గుర్తులాగా. "అలవాటైపోయింది మామా" అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు. నా మొదటి ఓడలో నేనూ ఇంటికి రాసిన ఉత్తరాల్లో అదే మాట రాసేవాణ్ణి.

కింది మంచం నేలకు 35 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. 30కి తగ్గకూడదని సూచన ఉంది కాబట్టి అది సరే. రెండు అంతస్తులకు మించి మంచాలు వేయకూడదు, వేయలేదు, అదీ సరే. పై మంచం కింది భాగానికి దుమ్ము రాలకుండా అడ్డు ఉండాలి. ఇక్కడ ప్లైవుడ్ పలక ఉంది కానీ పలకకు, పైపుకు మధ్య వేలు దూరేంత సందు. పైన నేను ఒత్తిగిలినప్పుడల్లా కింద పడుకున్న కుర్రవాడి మొహం మీద దూదిపోగులు రాలాయట. పొద్దున లేచి మర్యాదగా చెప్పాడు.

మొదటి రాత్రి రెండు గంటలకు మెడ మీద మంట పుట్టి లేచాను. ఫోను లైటు వేసి చూస్తే దిండు అంచున మూడు నల్లులు కనిపించాయి. నల్లి నాకు కొత్త కాదు, పాత ఓడల్లో నల్లులతో కాపురం చేశాను. అందుకే పరుపు దులపలేదు, నేరుగా పైపు చూశాను. ఈ మంచాలన్నీ ఇనుప గొట్టాలతో చేసినవి. గొట్టాల పై కొసలు తెరిచే ఉన్నాయి. ప్లాస్టిక్ మూతలు ఎప్పుడో ఊడిపోయినట్టున్నాయి, ఒకదానికి మాత్రం సగం మిగిలింది. పొద్దున చీపురు పుల్ల ఒకటి విరిచి గొట్టంలోకి పోనిచ్చి, నెమ్మదిగా తిప్పి బయటకు తీశాను. పుల్ల చివర మినపగింజలు అంటుకున్నట్టు ఉంది. కుర్రవాళ్ళు అయిదుగురూ చుట్టూ చేరి చూశారు. ఒకడు వీడియో తీశాడు.

నెలకొకసారి పరుపులకు మందు కొట్టిస్తున్నామని మేనేజరు చెప్పాడు. అబద్ధం కాదు, వాసన నాకూ తగిలింది. కానీ మందు కొట్టేది పరుపు మీద, నల్లులు కాపురం ఉండేది గొట్టంలో. ఓడ గదుల గురించి రాసినవాళ్ళకు ఈ సంగతి తెలుసు. మంచం చట్రం నునుపుగా, గట్టిగా, తుప్పు పట్టనిదిగా, పురుగు చేరనిదిగా ఉండాలని, గొట్టాలతో చేస్తే కొసలు పూర్తిగా మూసి, ఎక్కడా రంధ్రం లేకుండా ఉండాలని స్పష్టంగా రాశారు. ఆ వాక్యం రాసినవాడెవడో ఒక రాత్రి మా పాత ఓడలాంటిదాంట్లో పడుకునే ఉంటాడని నా నమ్మకం. మంచానికి ఎనిమిది కొసలు, గదికి ఇరవై నాలుగు. మూతకు ఎంత ఖర్చవుతుందో మీరే ఊహించుకోండి.

బీరువా విషయం తొందరగా చెబుతాను. ఓడలో ఒక్కొక్కరికి 475 లీటర్ల బట్టల బీరువా, దానికి తోడు 56 లీటర్ల సొరుగు ఉండాలి, తాళం వేసుకునే వీలుండాలి. 475 లీటర్లంటే మన ఇళ్ళకు వచ్చే ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు దాదాపు ఇరవై నాలుగు పట్టేంత. ఇక్కడ ఒక్కొక్కరికి ఇచ్చిన అరలో తొమ్మిది క్యాన్లే పడతాయి. తాళం కొండీ ఉంది కానీ మర ఊడి చేతిలోకి వచ్చేస్తుంది. పిల్లలు పుస్తకాలు మంచం మీద పెట్టుకుని పుస్తకాల పక్కన పడుకుంటున్నారు. రాసుకోవడానికి బల్ల గదికి ఒకటే, అది ఇస్త్రీ బల్లగా మారిపోయింది.

ఓడలో మరుగుదొడ్ల లెక్క ఆరుగురికి ఒకటి, స్నానానికి ఒకటి, చేతులు కడుక్కునే బేసిన్ ఒకటి. ఆ అంతస్తులో నాలుగు గదులు, ఇరవై నాలుగు మంది. నాలుగు ఉండాలి. మూడు మరుగుదొడ్లు, రెండు స్నానాల గదులు ఉన్నాయి. పొద్దున అయిదున్నరకు తువ్వాలు భుజాన వేసుకుని నిలబడితే సర్వదర్శనం క్యూ గుర్తుకు వచ్చింది, లడ్డూ మాత్రం ఇవ్వరు. వేడినీళ్ళు సోలారు నుంచి వస్తాయి, ముందు లేచిన నలుగురికి దక్కుతాయి. బోరు నీళ్ళ ఉప్పు కుళాయిలకు తెల్లగా పేరుకుని ఉంది. కానీ ఒక మాట చెప్పాలి, కడగడం మాత్రం బాగానే కడుగుతున్నారు. మూడు రోజుల్లో ఒక్కసారీ ముక్కు మూసుకోలేదు. స్నానాల గదుల గాలి విడిగా బయటికి పోవాలి, ఉండే గదుల్లోకి రాకూడదు అని నియమం. ఇక్కడ వెంటిలేటర్ బయటికే ఉంది. దానికి పూర్తి మార్కులు.

మెచ్చుకోవలసింది ఇంకొకటి, కిటికీలకు దోమల జాలీ. కొత్తది, ఎక్కడా చిరుగు లేదు. దోమలు ఎక్కువ ఉండే రేవులకు తరచూ వెళ్ళే ఓడలకు తగిన రక్షణ ఉండాలని ఎంఎల్‌సీలో ఒక వాక్యం ఉంది. వర్షాకాలంలో తిరుపతి అలాంటి రేవే.

అయితే అదే కిటికీ సరిగ్గా వంటగది పొగగొట్టం మీదికి ఉంది. ఓడలో పడకగదికి వంటగది నుంచి, ఇంజను గది నుంచి, సరుకు గదుల నుంచి, సామాన్ల గది నుంచి నేరుగా ఏ ద్వారమూ తెరుచుకోకూడదు. ఇది మరీ నేరుగా కాదు, ఒక అంతస్తు తేడా ఉంది. కానీ తెల్లవారుజామున నాలుగున్నరకు కింద ఎండుమిర్చి తాలింపు పడగానే పైన గదిలో ఉన్నవాళ్ళం అందరం ఒకేసారి దగ్గాము. దాంతోపాటే కిటికీ కింద నీళ్ళ మోటారు మొదలైంది. పెద్ద ఓడల్లో పడకగదిలో శబ్దం 55 డెసిబెల్లు దాటకూడదని 2014 జూలై నుంచి నియమం ఉంది. నా దగ్గర శబ్దం కొలిచే పరికరం లేదు కానీ ఒకటి చెప్పగలను. ఇంజను మోత మీద ఇరవై ఏళ్ళకు పైగా హాయిగా నిద్రపోయాను. ఓడవాళ్ళకు ఇంజను ఆగితేనే మెలకువ వస్తుంది. నన్ను ఈ మోటారు లేపింది.

పొగ సంగతి పక్కన పెట్టి ఆ తాలింపు కింద ఏముందో చెప్పాలి. పాకాల వైపు నుంచి వచ్చిన అక్క ఒకరు ఇక్కడ వంట. అరవై మందికి ఇద్దరు సహాయకులతో వండుతారు. మొదటి రోజు మధ్యాహ్నం రాగి సంగటి, వేరుశనగ పచ్చడి, ఆకుకూర పప్పు. సంగటి ముద్ద చేత్తో నొక్కితే వేలిముద్ర నిలిచింది, అంటుకోలేదు. రెండో రోజు పొంగలిలో మిరియాలు ఏరి పారేసే అవసరం రాలేదు, దంచి వేశారు. "పిల్లలు ఏరి పళ్ళెం పక్కన పెడతారు అన్నా, అందుకే దంచేస్తాను" అన్నారు. పదిమంది, ఆపైన సిబ్బంది ఉండే ఓడలో వంటవాడికి శిక్షణ, అర్హత పత్రం ఉండాలని నియమం. పత్రాలు ఉన్న భండారీల చేతి వంట చాలా తిన్నాను. ఈ అక్క వాళ్ళలో ఎవరికీ తీసిపోరు, కొందరికి పాఠం చెప్పగలరు. భోజనాల గది మాత్రం ఇరుకు. మూడు విడతలుగా తింటారు, మూడో విడతకు పప్పు పలచబడుతుంది.

గదిలో ఆరుగురిలో ఒక కుర్రవాడు ఆసుపత్రి ల్యాబులో రాత్రి పని చేస్తాడు. పొద్దున ఏడింటికి వచ్చి పడుకుంటాడు. మిగిలినవాళ్ళు ఆ సమయానికి లేచి గట్టిగా చదవడం మొదలుపెడతారు. రాత్రి పదకొండుకు ఇద్దరికి చదువు, ఇద్దరికి నిద్ర, మొత్తం గదికి ఒకటే ట్యూబ్‌లైటు. నా మొదటి ఓడలో నాది పగటి పని, నా గదిలో రత్నగిరి మనిషి నాలుగు నుంచి ఎనిమిది వాచీలో, అంటే ఆ గంటల కాపలా వంతులో, ఉండేవాడు. తెల్లవారుజామున మూడున్నరకు అతన్ని లేపడానికి వచ్చేవాడు నన్నే ముందు లేపేవాడు. ఎనిమిది నెలలు అలాగే గడిచాయి. దిగేనాటికి ఇద్దరమూ మాట్లాడుకోవడం మానేశాము, గొడవేమీ లేదు, నిద్ర లేక. వాచీవాళ్ళను, పగటివాళ్ళను ఒకే గదిలో పెట్టవద్దని, ప్రతి మంచం తలవైపు చదువుకోవడానికి ఒక చిన్న దీపం ఉండాలని ఇప్పుడు రాసి ఉంది. ఇక్కడ దీనికి పైసా ఖర్చు లేదు. రాత్రి పనివాళ్ళను ఏరి ఒక గదిలో వేస్తే సరిపోతుంది. అదే మేనేజరుకు చెప్పాను. "ఎవరు ఏ పని చేస్తారో మేము అడగము సార్" అన్నాడు.

రెండో రాత్రి పదకొండు నలభైకి కరెంటు పోయింది. కాసేపటికి వరండాలో కాలిన వైరు వాసన. ఇన్వర్టరు దగ్గర అనుకుంటాను, చిన్న పొగ. మంట రాలేదు. కుర్రవాళ్ళు ఫోన్లు పట్టుకుని మెట్లవైపు వెళ్ళారు, నేను వెనక వెళ్ళాను. మెట్ల దగ్గర మడత ఇనుప గేటు, దానికి తాళం. రాత్రి పదికి వేస్తారట, పిల్లలు బయట తిరగకుండా. తాళంచెవి కింద వార్డెన్ దగ్గర ఉంది. ఫోను చేస్తే ఎత్తలేదు. ఒకడు గేటును చెప్పుతో కొట్టాడు. వార్డెన్ లుంగీ సర్దుకుంటూ వచ్చి తాళం తీసేసరికి ఏడు నిమిషాలు అయింది. నేను గడియారం చూస్తూనే ఉన్నాను, అలవాటు. ఓడలో అగ్నిప్రమాద అభ్యాసంలో ఏడు నిమిషాలంటే కెప్టెన్ మా తాట తీసేవాడు.

పొద్దున వరండా కొలిచాను. మా గది చివరిది. గది గుమ్మం నుంచి మెట్ల దాకా 36 అడుగులు, అటు చివర గోడ. ఒకే దారి. కిటికీలకు కదలని గ్రిల్లు. సోలాస్, అంటే సముద్రంలో ప్రాణరక్షణకు ఉన్న అంతర్జాతీయ ఒప్పందం, దాని నియమాల ప్రకారం సరుకు ఓడలో మనుషులు ఉండే చోటు నుంచి బయటపడడానికి దూరదూరంగా రెండు దారులు ఉండాలి, ఒక చివర మూసుకుపోయిన నడవా 7 మీటర్లకు మించకూడదు. అంటే 23 అడుగులు. మంచం పొట్టిదైతే కాళ్ళు ముడుచుకోవచ్చు. నల్లులుంటే గోక్కోవచ్చు. గేటుకు తాళం ఉంటే చేయగలిగింది ఏమీ లేదు. పిల్లల్ని చేర్చేముందు అమ్మానాన్నలు మెస్సు చూస్తారు, వైఫై అడుగుతారు. రాత్రి పదింటి తరువాత ఒకసారి వెళ్ళి ఆ గేటు చూడండి.

మూడో రోజు యజమాని వచ్చాడు. స్కూటరు మీద, నామం పెట్టుకుని, మర్యాదగల మనిషి. కాఫీ తెప్పించాడు. నేను కొలిచి రాసుకున్న కాగితం మొత్తం చదివాడు, మధ్యలో ఒకటి రెండు చోట్ల కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఇది పాత కట్టడం సార్, గోడలు జరపలేను కదా" అన్నాడు. నిజమే. ఓడ యజమానులు చెప్పేదీ అదే. ఎంఎల్‌సీలో కట్టడపు కొలతలు కొత్తగా కట్టే ఓడలకే వర్తిస్తాయి, అంతకు ముందు కట్టినవి పాత ఒప్పందాల కిందే నడుస్తాయి. కొత్త కొలతలతో కట్టిన ఓడ నాకు ఉద్యోగం చివరి ఏళ్ళలో దొరికింది. సొంత గది, సొంత స్నానాల గది, తలవైపు దీపం. మొదటి రోజు తలుపు మూసి, సామాను విప్పకుండా మంచం మీద అలా కూర్చుండిపోయాను. అప్పటికి నాకు యాభై దాటాయి.

"గోడలు జరపమనలేదు. మూతలు పెట్టండి, ఫ్యానుకు జాలీ వేయండి, రాత్రి పనివాళ్ళను విడదీయండి, గేటు తాళం తీయండి" అన్నాను. ఇంకొకటి కూడా చెప్పాను. ఓడలో కెప్టెన్ లేదా అతను పంపినవాడు తరచూ గదులు తనిఖీ చేసి, చూసింది రాసి పెట్టాలి. మేము తలుపు చట్రం పైన కూడా తుడిచేవాళ్ళము, ఎందుకంటే కెప్టెన్ వేలు అక్కడికే పోయేది. ఈ హాస్టల్లో ఉన్న రిజిస్టరు ఒక్కటే, కుర్రవాళ్ళు ఎన్నింటికి లోపలికి వచ్చారో రాసేది. దాని వెనక పేజీల్లో వారానికోసారి గదులు చూసి రాయమన్నాను. నెల రోజులు టైమివ్వండి అన్నాడు. ఇచ్చాను.

ముగ్గురు ఉండే గదులు కూడా ఉన్నాయి, నెలకు 8,500. అదీ కొలిచాను, 110 చదరపు అడుగులు. ఓడ లెక్కకు ఇంకా 14 అడుగులు తక్కువే, అయినా మనిషికి 37 అడుగులు వస్తుంది. మా మేనల్లుణ్ణి దాంట్లోకి మార్చాను. తేడా రెండు వేలు నేను పంపుతున్నాను, వాళ్ళ అమ్మకు తెలియదు. మీరు ఇక్కడే చేర్చాలనుకుంటే ముగ్గురి గదే తీసుకోండి, వంటగదికి ఎదురు వైపుది అడగండి, మంచం కొస మీద బొటనవేలు పెట్టి చూడండి.

నెల నిన్నటితో అయిపోయింది. మేనల్లుడు ఫోటోలు పంపాడు. గొట్టాల కొసలన్నీ ఎం-సీల్‌తో మూసేశారు, ఒక్కో ముద్ద మీద ఎవరిదో వేలిముద్ర పడి ఉంది. ఫ్యాన్లకు జాలీ వచ్చింది. ల్యాబు కుర్రవాణ్ణి కింది అంతస్తుకు మార్చారు. తనిఖీ రిజిస్టరులో మొదటి వారం మాత్రమే రాసి ఉంది.

"గేటు సంగతి ఏమిటి?" అని అడిగాను.

"తాళంచెవి ఇప్పుడు పైనే పెడుతున్నారు మామా. మన అంతస్తులోనే. మేకుకు వేలాడుతుంది."

"మేకు ఎక్కడుంది?"

"వార్డెన్‌కు పైన కొత్తగా గది ఇచ్చారు. దాంట్లో."

"రాత్రి అతను ఆ గదికి తాళం వేసుకుంటాడా?"

వాడు కాసేపు మాట్లాడలేదు. "చూసి చెబుతాను మామా" అన్నాడు. పది నిమిషాల తరువాత మెసేజి వచ్చింది. రెండు నక్షత్రాలు అలాగే ఉంచుతున్నాను.